ఆఖరి జాడింపు నీళ్ళు

లారీ వెనక తలుపు తెరుచుకోగానే వీధిలో ఉన్నవాళ్ళంతా ఒక్కసారిగా "అబ్బో!" అన్నారు.

లోపల మందపాటి అట్టలు చుట్టుకుని, తాళ్ళ మధ్య బందీలా నిలబడి ఉంది బట్టలుతికే మెషీన్. ఇళ్ళల్లో ఉండే మామూలు మెషీన్ కాదు. ఇద్దరు మనుషులు లోపల కూర్చుని తీరిగ్గా పేకాడుకోవచ్చు, అంత పెద్దది. లాండ్రీ అక్క గుమ్మంలో నిలబడి రెండు అరచేతులూ బుగ్గలకు ఆనించుకుంది. పొద్దున్నుంచీ ఆమె కాలు ఒక్కచోట నిలవలేదు. గది ఊడ్చింది, గోడ తుడిచింది, ఏం చెయ్యాలో తోచక తుడిచిన గోడే మళ్ళీ తుడిచింది.

ఆమెకు తోడబుట్టినవాడు ఒక్కడే అయినా ఊరందరికీ ఆమె అక్కే. వయసులో ఆమెకన్నా పెద్దవాళ్ళు కూడా "అక్కా, నా దుప్పట్లు అయ్యాయా?" అనే అడుగుతారు. అత్తగారి నాటి లాండ్రీ అది. భర్త పోయాక ఒంటిచేత్తో లాక్కొచ్చింది. ఊళ్ళోంచి జనం ఒక్కొక్కరే తరలిపోతుంటే, ఇక మూసేయడమే అనుకుని బోర్డు దింపడానికి నిచ్చెన కూడా వేసిన రోజులున్నాయి. అలాంటి లాండ్రీకి ఇవాళ ఇంత మెషీన్ వచ్చింది!

"అక్కా, ద్వారం చూశావా?" అన్నాడు తమ్ముడు, లారీ మీంచే.

అక్క మెషీన్ వంక చూసింది. ద్వారం వంక చూసింది. మెషీనే పెద్దది.

"కొనేముందు కొలవలేదా?"

"కొలిచాన్రా! మెషీన్ని కొలిచాను. ద్వారం రోజూ చూసేదే కదా అనుకున్నాను."

వీధంతా నవ్వు. అందరికన్నా ఎక్కువ నవ్వింది ఇస్త్రీ బాబాయి. ఆయన ఆ లాండ్రీలో అక్క అత్తగారి కాలం నుంచీ ఇస్త్రీ చేస్తున్నాడు. నవ్వితే దగ్గొస్తుంది, దగ్గితే ఇంకా నవ్వొస్తుంది. "అమ్మాయ్, మెషీన్ని వీధిలోనే ఉంచు. పందిరేసుకుని ఉతుకుదాం" అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ.

"అక్కా, కిటికీగారు పెద్దది" అంది వెనకనుంచి ఓ గొంతు.

అది కొత్తమ్మాయి. ఆమె ఈ ఊరొచ్చి రెండేళ్ళు దాటింది. ఆమె తర్వాత వచ్చినవాళ్ళు బోలెడుమంది ఉన్నారు. అయినా ఆ పేరు ఆమెకే అతుక్కుపోయింది. వేరే దేశం నుంచి, కూరగాయలు కడిగి ప్యాక్ చేసే ఫ్యాక్టరీలో పనికి వచ్చిన వందలమందిలో ఒకతె. తర్వాత అక్క దగ్గర చేరింది. భాష చకచకా నేర్చుకుంది గానీ, నేర్పినవాళ్ళెవరో మర్యాద కాస్త ఎక్కువ నేర్పారు. మనిషికీ వస్తువుకీ తేడా లేకుండా అన్నిటికీ గారు తగిలిస్తుంది.

"కిటికీగారి ఫ్రేము తీసేద్దాం. లోపలికి తోసి, మళ్ళీ పెడదాం."

అంతే. తమ్ముడు సుత్తి తెచ్చాడు. కొత్తమ్మాయి ఒక్క కేక వేస్తే, షిఫ్టు దిగి ఇంటికెళ్తున్న ఆమె దేశపువాళ్ళు నలుగురైదుగురు సంచులు గోడ పక్కన పెట్టి వచ్చారు. పడవ లాగేటప్పుడు తన తోటివాళ్ళతో అనిపించే కేకలే తమ్ముడు వాళ్ళచేతా అనిపించాడు. వాళ్ళకు మాట తిరగకపోయినా ఊపు మాత్రం బాగానే వచ్చింది. "హైలెస్సా" అని తమ్ముడంటే "అలేసా" అని వాళ్ళు. మెషీన్ కిటికీలో ఒకసారి ఇరుక్కుంది, మూలిగింది, ఆఖరికి దభాలున లోపల పడింది. చప్పట్లు! ఎదురింటి మేడమీంచి ఈలలు కూడా!

వైరు తగిలించారు. గొట్టం బిగించారు. అక్క చేతులు తుడుచుకుని, ఊపిరి బిగబట్టి, కుళాయి తిప్పింది.

కుళాయి దగ్గింది. గుడగుడలాడింది. రెండు చుక్కలు రాల్చి ఊరుకుంది.

"నీళ్ళుగారు రావట్లేదు అక్కా" అంది కొత్తమ్మాయి మెల్లగా.

గుంపులోంచి ఎవరో అన్నారు, "చెరువు ఎండుతుంటే ఇంకెక్కణ్ణుంచి వస్తాయి? వచ్చినవాళ్ళంతా తాగి పోస్తున్నారుగా."

అలా అన్నదెవరో అక్కకు కనపడలేదు. మెషీన్ తోసినవాళ్ళకి మాత్రం మాట బాగానే అర్థమైంది. చేతులకంటిన నల్లటి గ్రీజు తుడుచుకుంటూ, సంచులు తీసుకుని, ఎవరి వంకా చూడకుండా వెళ్ళిపోయారు. కొత్తమ్మాయి మొహం పాలిపోయింది.

ఆమె అలా అయిపోవడానికి ఇంకో కారణం ఉంది. మున్సిపాలిటీ వాళ్ళు గోడమీద నోటీసు అంటించారు: చెరువులో నీళ్ళు పెరిగేదాకా కొత్త ఇళ్ళకు కుళాయి ఇవ్వడం ఆపేయాలా అన్నది ఆదివారం ఊరి సభలో తేలుస్తారు. కొత్తమ్మాయి భర్త, చిన్నకూతురు ఇంకా వాళ్ళ దేశంలోనే ఉన్నారు. కుటుంబాన్ని తెచ్చుకోవాలంటే కుళాయి ఉన్న ఇల్లు చూపించాలి. బస్టాండు వెనక రెండు గదుల ఇల్లు మాట్లాడుకుంది, కుళాయి కోసం దరఖాస్తు పెట్టుకుంది. గోడలకు రంగు కూడా వేసేసుకుంది, పాప గదికి పసుపుపచ్చ. ఇప్పుడు కుళాయి ఆగిందంటే అంతా ఆగిపోయినట్టే.

ఆ సాయంత్రం అక్క తమ్ముణ్ణి వెతుక్కుంటూ చెరువు గట్టుకి వెళ్ళింది. తమ్ముడిది మనుషుల్ని, సామాన్లని చెరువు అవతలి హోటళ్ళకు చేరవేసే మోటారు పడవ. ఒకప్పుడు చెక్కల వంతెన చివర నీళ్ళల్లో ఊగుతూ ఉండేది. ఇప్పుడు బురదలో పక్కకు ఒరిగి పడుకుని ఉంది. తమ్ముడు దాని అంచుమీద కూర్చుని, తాడు ముడి వేస్తూ విప్పుతూ ఉన్నాడు.

"ఆ మాట అన్నది నువ్వు కాదు కదరా?"

"నేను కాదు. కానీ తప్పేం అన్నారు? చూడు అక్కా." వేలు చాపాడు. "అదిగో, ఆ రాయి తల నా చిన్నప్పుడు ఎప్పుడూ కనపడలేదు. ఇప్పుడు దాని పాదాలు కూడా కనిపిస్తున్నాయి. నీళ్ళు అవే, మనుషులు రెట్టింపు. లెక్క రానివాడికి కూడా తెలుస్తుంది."

"వానలు కూడా సరిగ్గా పడలేదు కదరా."

"పడలేదు. పడనప్పుడు ఉన్న నీళ్ళు ఉన్నవాళ్ళకి సరిపోవాలి కదా. నా పడవ ఆగిపోయింది. నీకేం, నీకు గిరాకీ పెరిగింది. ఫ్యాక్టరీ ఏప్రన్లన్నీ నీ దగ్గరికే."

"నీ మేడమీది వాటా అద్దె ఎవరిస్తున్నార్రా? వాళ్ళే కదా?"

తమ్ముడికి కోపం వచ్చింది. సమాధానం లేనప్పుడు వాడికి ఎప్పుడూ కోపమే వస్తుంది. "ఇస్తున్నారు. లేదన్నానా? అందుకే బాబాయి ఉండే గది అద్దె కూడా పెరిగింది. ఆయన గది వదిలేసి నీ లాండ్రీ వెనక చాపేసుకుని పడుకుంటున్నాడు. అది కూడా చెప్పు."

నిజమే. బాబాయి ఇస్త్రీ బల్ల కిందే తన ట్రంకుపెట్టె పెట్టుకున్నాడు. "గాలి బాగా వస్తుందమ్మాయ్" అంటాడు గానీ, ఇస్త్రీ పెట్టెల వేడికి అక్కడ గాలెక్కడిది? ఒకరికి లాభం వచ్చిన చోటే ఇంకొకరికి నష్టం వచ్చింది. ఆమె ఇంటిదారి పట్టింది.

మర్నాడు పొద్దున్నే కుళాయి వచ్చే వేళకి అక్క, కొత్తమ్మాయి, బాబాయి ముగ్గురూ సిద్ధంగా ఉన్నారు. సన్నగానే అయినా నీళ్ళొచ్చాయి. మేడమీది ట్యాంకు నిండింది. హోటల్ దుప్పట్లు కుక్కి, సబ్బుపొడి వేసి, అక్క మీట నొక్కింది. మెషీన్ కిర్రుమని, గిర్రున తిరగడం మొదలెట్టింది.

"తిరుగుతోంది! మెషీన్‌గారు తిరుగుతున్నారు!" అని గెంతింది కొత్తమ్మాయి. బాబాయి చేతిలో ఇస్త్రీ పెట్టె ఉన్న సంగతి కూడా మరిచిపోయి చప్పట్లు కొట్టబోయాడు.

గొట్టం ఎక్కడైనా కారుతోందేమో చూద్దామని అక్క పెరట్లోకి పరిగెత్తింది. పాత మెషీన్ల గొట్టాలన్నీ నేల లోపలినుంచి తిన్నగా మురిక్కాలవలోకి పోతాయి. కొత్త మెషీన్ గొట్టాన్ని పాతిపెడతానన్న ప్లంబరు ఇంకా రాలేదు. అది పెరట్లో బయటే పడి ఉంది. మొదట బూడిద రంగు నీళ్ళు నురగలు కక్కుకుంటూ వచ్చాయి. కాసేపటికి తెల్లబడ్డాయి. ఇంకాసేపటికి, ఆఖరి జాడింపు వేళకి, గొట్టంలోంచి ధారగా వస్తున్న నీళ్ళు ఎండకు తళతళా మెరుస్తున్నాయి.

అక్క అలా చూస్తూ ఉండిపోయింది. ఇన్నేళ్ళుగా తన లాండ్రీలోంచి పోయే నీళ్ళు ఎలా ఉంటాయో ఆమె ఎన్నడూ చూడలేదు. వంగి దోసిలి పట్టింది. అరచేతిలో గీతలు కనపడుతున్నాయి. వాసన చూసింది. కాస్త సబ్బు వాసన, అంతే.

ఆ దోసెడు నీళ్ళల్లో ఆమెకు రెండు సంగతులు ఒకేసారి తెలిశాయి. మొదటిది సిగ్గుపడాల్సిన సంగతి. వచ్చినవాళ్ళు చెరువు తాగేస్తున్నారని అందరూ గోల పెడుతుంటే, రోజంతా చెరువుని మురిక్కాలవలోకి ఒంపుతున్నది తనే. ఫ్యాక్టరీ ఏప్రన్లు, హోటల్ దుప్పట్లు, తువ్వాళ్ళు, అన్నీ వచ్చేది తన దగ్గరికే. కొత్తవాళ్ళు రావడంవల్ల లాభం తనకు వచ్చింది, దాహం మాత్రం ఊరికి మిగిలింది.

రెండో సంగతి తట్టగానే ఆమె గట్టిగా కేకేసింది.

"ఒసే! కొత్తమ్మాయ్! బాబాయ్! ఇటు రండి! ఈ నీళ్ళతో తర్వాత వాయి మొదటి ఉతుకు అయిపోదూ?"

ఇద్దరూ పరిగెత్తుకొచ్చారు. కొత్తమ్మాయి వేలు ముంచి చూసింది. "మా అమ్మ ఇంట్లో ఇదే చేసేది అక్కా. మంచి బట్టల జాడింపు నీళ్ళు, ఆ తర్వాత గోనెసంచులకి."

"మీ అమ్మే కాదు, మా అత్తగారూ ఇదే చేసేది!" అంది అక్క. "చేత్తో ఉతికినన్నాళ్ళూ అందరం చేసినదే. మెషీన్ రాగానే మరిచిపోయాం."

పెరట్లో ఆ అత్తగారి నాటి సిమెంటు తొట్టి అలాగే ఉంది. దాన్నిండా విరిగిన బకెట్లు, తుప్పు పట్టిన తీగలు. ముగ్గురూ కలిసి ఒక్క ఊపున ఖాళీ చేశారు. తొట్టిలోంచి నీళ్ళు మళ్ళీ మెషీన్‌లోకి ఎక్కాలంటే పంపు కావాలి. అక్క చెప్పులు కూడా వేసుకోకుండా చెరువు గట్టుకి పరుగు తీసింది.

"ఒరేయ్, నీ పడవ పంపు ఇవ్వరా!"

"నా పంపా? దేనికి?"

"పడవలో నీళ్ళు తోడేదే కదా. పడవే బురదలో ఉంటే అది ఏం తోడుతుంది? ఇవ్వు, దార్లో చెప్తా."

ఆమె మొహంలో వెలుగు చూసి వాడు ఇంకేం అడగలేదు. పంపు ఊడదీసి భుజాన వేసుకుని వెంట నడిచాడు. దార్లో ఆమె చెప్పింది విని, "అయ్యే పనేనా ఇది?" అని సణిగాడు గానీ, అడుగులు మాత్రం ఆమెకన్నా వేగంగా పడ్డాయి.

మధ్యాహ్నానికల్లా గొట్టాలన్నీ బిగించారు. కొత్తమ్మాయి మెషీన్ దగ్గర, తమ్ముడు పంపు దగ్గర, అక్క తొట్టి దగ్గర. బాబాయి కొత్తగా ఇస్త్రీ చేసిన చొక్కాలు తీగమీంచి తీస్తూ, "నాకెందుకో ఇది గోలగోల అవుతుందనిపిస్తోంది" అన్నాడు.

"మొదలెట్టు!" అని అరిచింది అక్క.

పంపు గుర్రుమంది. నీళ్ళు పైకెక్కాయి. ఎక్కాయి అనుకుని కేరింతలు కొట్టేలోపే తొట్టిలోంచి తెల్లగా ఏదో లేచింది. తొందరలో ఆఖరి నీళ్ళతోపాటు మొదటి సబ్బునీళ్ళు కూడా తొట్టిలోకే వదిలేశారు. పంపు వాటిని మజ్జిగలా చిలికేసింది. నురగ తొట్టి దాటింది, గది దాటింది, గుమ్మం దాటి వీధిలోకి నడిచింది. ఆపుదామని తమ్ముడు గొట్టం లాగితే అది ఊడి వాడి మొహాన్నే కొట్టింది. తలనుంచి కాళ్ళదాకా తడిసి, మీసాలమీద నురగతో వాడు నిలబడ్డ తీరు చూసి కొత్తమ్మాయి గోడకు చేరగిలబడి నవ్వింది. వీధిలో బస్సు ఆగిపోయింది. ప్రయాణికులు కిటికీల్లోంచి తలలు బయటపెట్టి చూస్తున్నారు. బాబాయి చొక్కాల దొంతర నెత్తిమీద పెట్టుకుని, మోకాళ్ళ లోతు నురగలో "ముందే చెప్పానా! ముందే చెప్పానా!" అంటూ తిరుగుతున్నాడు.

సరిగ్గా అప్పుడే మున్సిపాలిటీ స్కూటరు వచ్చి ఆగింది. దిగింది నీళ్ళ విభాగం ఇంజనీరమ్మ. పాతికేళ్ళుంటాయేమో, చేతిలో హెల్మెట్.

"ఎవరిదీ నురగ? ఊరంతా ఫోన్లు చేస్తున్నారు."

అక్క ముందుకొచ్చింది. "నాదేనమ్మా. జరిమానా వెయ్యండి, కడతాను. కానీ వేసేముందు ఒక్కసారి పెరట్లోకి రండి."

ఇంజనీరమ్మ వచ్చింది. గొట్టం చూసింది, తొట్టి చూసింది, పడవ పంపు చూసి కనుబొమలు పైకెత్తింది. అక్క చెప్పిందంతా మధ్యలో అడ్డుపడకుండా విని, బూట్లు విప్పి పక్కన పెట్టి, ప్యాంటు పైకి మడిచింది.

"ఆలోచన మంచిదే. మొదటి నీళ్ళని, ఆఖరి నీళ్ళని విడదీయాలి, అంతే. ఇక్కడో వాల్వు పెడితే మొదటివి కాలవలోకి, చివరివి తొట్టిలోకి. తొట్టి మూతికి గుడ్డ కడితే పీచు ఆగుతుంది. మా స్టోర్లో పాత వాల్వు ఒకటుంది, తెప్పిస్తాను."

"జరిమానా?" అన్నాడు తమ్ముడు, మీసాలు తుడుచుకుంటూ.

"నీళ్ళు మిగిలితే జరిమానా ఎందుకు? మిగలకపోతే అప్పుడు చూద్దాం."

మర్నాటి ప్రయోగానికి వీధిలో సగంమంది పెరట్లోనే ఉన్నారు. వాల్వు తిప్పే పని కొత్తమ్మాయిది. నల్లనీళ్ళు పోయేదాకా కాచుకుని కూర్చుంది. "ఇప్పుడు!" అని అక్క అనగానే తిప్పింది. తేటనీళ్ళు గుడ్డలోంచి వడకట్టుకుని తొట్టిలో పడ్డాయి. పంపు తోడింది. ఏప్రన్ల వాయి మొదటి ఉతుకు ఆ నీళ్ళతోనే అయింది. మెషీన్ ఆగింది. మూత తీసి అక్క ఒక ఏప్రన్ విదిలించి ఎండకు పట్టింది. మచ్చ లేదు! బాబాయి దగ్గరకొచ్చి, కళ్ళజోడు పైకి తోసి, కుట్లమధ్య కూడా చూశాడు. నలభై ఏళ్ళుగా బట్టల్లో లోపం వెతికిన కళ్ళు అవి.

"ఇస్త్రీకి పనికొస్తుంది" అన్నాడు ఆఖరికి. ఆయన నోట్లోంచి అంతకన్నా పెద్ద పొగడ్త ఎవరూ విని ఉండరు. పెరడంతా కేకలు! సాయంత్రం ఇంజనీరమ్మ మీటరు చూసి, "సగానికి సగం తగ్గింది" అంది. అది చెబుతుంటే ఆమె గొంతులో కూడా ఉత్సాహం దాగలేదు.

ఆదివారం పొద్దున సభాభవనంలో కుర్చీలు చాలక జనం గోడలకు ఆనుకుని నిలబడ్డారు. ఒకవైపు పాతవాళ్ళు, ఒకవైపు కొత్తవాళ్ళు. ఎవరూ చెప్పకుండానే అలా విడిపోయారు. అక్క మధ్యలో నిలబడింది.

మున్సిపల్ ఛైర్మన్ గారు గొంతు సవరించుకుని, "చెరువు ఎందుకు తగ్గిందో ముందు ఇంజనీరమ్మ చెబుతారు" అన్నాడు.

"వానలు తగ్గాయి, అది నిజం. మనుషులు పెరిగారు, అదీ నిజం. ఇళ్ళ కుళాయిలకన్నా ఫ్యాక్టరీ, హోటళ్ళు, లాండ్రీ వాడేది చాలా ఎక్కువ, అది కూడా నిజమే. ఒక్కటే కారణం చెప్పమంటే నేను చెప్పలేను."

గుసగుసలు మొదలయ్యాయి. అక్క చెయ్యెత్తింది. ఇంతమంది ముందు ఎప్పుడూ మాట్లాడలేదు.

"చెరువు తాగింది ఎవరని వారం రోజులుగా అందరూ అడుగుతున్నారు. చాలా మటుకు నేనే తాగాను. మా పెరట్లోంచి పోయే నీళ్ళు మొన్నే మొదటిసారి చూశాను. కొత్తమ్మాయి నెలంతా వాడుకునే నీళ్ళు నేను ఒక్క పూటలో పారబోస్తున్నాను. ఇప్పుడు సగం ఆపాను. కావాలంటే వచ్చి చూడండి. ఇళ్ళకి కుళాయిలు ఆపేముందు, మాలాంటి పెద్ద గొట్టాల వాళ్ళని పట్టుకోండి."

వెనకనుంచి ఓ ముసలావిడ అంది, "నీకు లాభం వస్తోంది కాబట్టి వాళ్ళ పక్కన మాట్లాడుతున్నావ్."

"అవును పెద్దమ్మా, వస్తోంది" అంది అక్క. "లాభం వస్తున్నవాళ్ళే ముందు నీళ్ళు మిగల్చాలి. నేనంటున్నదీ అదే."

అప్పుడు ఇస్త్రీ బాబాయి లేచాడు. ఆయన ఎప్పుడూ ఎవరిమీదా ఫిర్యాదు చేసిన మనిషి కాదు.

"నీళ్ళ సంగతి సరే. నా సంగతి కూడా వినండి. వాళ్ళొచ్చారు, ఇళ్ళకు గిరాకీ వచ్చింది. నా గది అద్దె నేను కట్టలేనంత అయింది. నేను కొత్తవాళ్ళని తిట్టను. వాళ్ళలోని ఈ కొత్తమ్మాయే నాకు రోజూ టీ పెట్టిస్తుంది. కానీ ఇల్లు పోయిందన్నది కూడా చెప్పకపోతే ఎలా?"

ఛైర్మన్ గారు కాగితాలు సర్దుకున్నాడు. అప్పుడు కొత్తవాళ్ళ వైపు నుంచి కొత్తమ్మాయి గొంతు స్పష్టంగా వినపడింది.

"తమ్ముడుగారి మేడమీద ఇంకో గది ఉంది. పాత వలలు, విరిగిన తెడ్లు వేసుకున్నారు. కిటికీ ఉంది, గాలి వస్తుంది. బాబాయికి సరిపోతుంది."

హాలంతా తమ్ముడి వైపు తిరిగింది. వాడి చెవులు ఎర్రబడ్డాయి. అక్క వంక చూశాడు, ఆమె పైకప్పు వంక చూసింది.

"ఆ గదికి తలుపు సరిగ్గా పడదు" అన్నాడు.

"నేను సరిచేస్తా" అన్నాడు కొత్తవాళ్ళలోంచి ఒకాయన. మెషీన్ తోసినవాళ్ళలో ఒకడు.

నవ్వులు లేచాయి. తమ్ముడు కూడా ఆపుకోలేకపోయాడు. "సరే, సరే! బాబాయ్, నీ ట్రంకుపెట్టె తెచ్చుకో. పాత గదికి ఎంత ఇచ్చేవాడివో నాకూ అంతే ఇవ్వు." చప్పట్లు ఆగేదాకా నిలబడి, ఇక లేచాడు కాబట్టి ఊరుకోలేదు. "నేను కొత్త కుళాయిలు వద్దన్నవాణ్ణే. నా పడవ ఇంకా బురదలోనే ఉంది, నా కోపం ఇంకా పోలేదు. కానీ నా పంపుతో నీళ్ళు మిగలడం నా కళ్ళతో చూశాను. మా అక్క ఒక్క పాత తొట్టితో చేసింది, అంత పెద్ద ఫ్యాక్టరీ చెయ్యలేదా? పొద్దస్తమానం కూరగాయలు కడిగి పారబోస్తారే! ముందు వాళ్ళ చేత చేయించండి. చేశాక కూడా చెరువు ఎక్కకపోతే, అప్పుడు మళ్ళీ ఇక్కడే కూర్చుని మాట్లాడుకుందాం."

చేతులెత్తమన్నారు. అందరూ ఎత్తలేదు. ముసలావిడ ఎత్తలేదు, ఆమె పక్కన వరసంతా ఎత్తలేదు. కానీ ఎత్తిన చేతులు చాలినన్ని ఉన్నాయి. ఇళ్ళ కుళాయిలు ఆగవు. ఫ్యాక్టరీ, హోటళ్ళు, లాండ్రీ వాడిన నీళ్ళని తిరిగి వాడాల్సిందే. వచ్చే వేసవికి చెరువు చూసి మళ్ళీ సభ. కొత్తమ్మాయి చేతులతో మొహం కప్పుకుంది. వేళ్ళసందుల్లోంచి కన్నీళ్ళు, కింద నవ్వు. అక్క ఆమెను గట్టిగా వాటేసుకుంది.

ఆ తర్వాత రోజులు పరిగెత్తాయి. బాబాయి గదికి తలుపు పడింది. బస్టాండు వెనక ఇంటికి కుళాయి వచ్చింది. ఓ మధ్యాహ్నం బస్సు దిగిన చిన్నపిల్ల తల్లిని చూసి ముందు సిగ్గుపడి నాన్న కాళ్ళ వెనక దాక్కుని, ఒక్క క్షణం ఆగి, కేకవేస్తూ పరుగెత్తి మీదపడింది. చెరువు నిండిపోయిందని చెప్పడానికి లేదు. కాస్త ఎక్కింది, మళ్ళీ కాస్త దిగింది. తమ్ముడు చెక్కల వంతెనని ఇంకొంచెం లోపలికి పొడిగించుకుని, వారంలో కొన్ని రోజులు పడవ తిప్పుతున్నాడు. ఫ్యాక్టరీ మాత్రం మొదట నోటీసుకి పలకలేదు. సభలో చేతులెత్తినవాళ్ళూ ఎత్తనివాళ్ళూ కలిసి గేటు ముందు నిలబడ్డాక పలికింది. ఆ ముసలావిడ అందరికన్నా ముందు వరసలో నిలబడింది.

ఇవాళ ఫ్యాక్టరీ మేనేజరు, ఆయన వెంట ఇద్దరు మనుషులు లాండ్రీ పెరట్లోకి వచ్చారు. ఆరేసిన దుప్పట్ల వెనక అక్క క్లిప్పులు పెట్టుకుంటోంది. అవతలినుంచి తమ్ముడి గొంతు ఖంగుమని వినపడుతోంది.

"చూడండి సార్, మొదటి నీళ్ళు ఇటు, ఆఖరి నీళ్ళు అటు. ఇందులో కిటుకంతా ఈ వాల్వు ఎక్కడ పెట్టాలన్న దాంట్లోనే ఉంది. నేను బాగా ఆలోచించి ఇక్కడ పెట్టించాను..."

"ఇంజనీరమ్మగారు కదా పెట్టించింది?" అంది కొత్తమ్మాయి అక్క చెవిలో, కళ్ళు పెద్దవి చేసి. "తమ్ముడుగారు పెట్టించారా?"

అక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వుకి దుప్పటి అంచు కూడా వణికింది.

"ష్! చెప్పనీ" అంది. "బాగా చెబుతున్నాడు."